మనోలోనా, జోవా విక్టరా? హైదరాబాద్ ఎఫ్‌సీ పాత పంచాయితీ

పసుపుజెండా
14 డిసెంబర్ 2025, రాత్రి 9:12

అడ్మిన్ అన్న ఈ సెక్షన్ మూసేస్తానంటున్నాడు. టీమ్ ఢిల్లీ వెళ్లిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది, ఇక మాట్లాడుకోవడానికి ఏముందని ఆయన ప్రశ్న. ఒకటుంది. 2022 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) కప్పు ఎవరి చలవ అన్న గొడవ ఎన్నిసార్లు మొదలుపెట్టినా మధ్యలోనే వదిలేశాం. ఈసారి తేలేదాకా మాట్లాడదాం.

నా మాట ముందే చెప్తున్నా. ఆ కప్పు కోచ్ మనోలో మార్కెజ్‌ది. స్ట్రైకర్ ఓగ్బెచే లేకపోయినా ప్లేఆఫ్స్‌కి వెళ్లేవాళ్లం. మనోలో లేకపోతే ఓగ్బెచే ఉన్నా ఆరో స్థానమే. కానీ ఈ క్లబ్ మొత్తంలో ఒక్క మనిషికి దండం పెట్టమంటే మనోలోకి పెట్టను, కెప్టెన్ జోవా విక్టర్‌కి పెడతా.

మొదటి సీజన్ చూసినవాళ్లకే మనోలో విలువ తెలుస్తుంది. 2019 అక్టోబర్, కోల్‌కతాలో మన మొట్టమొదటి మ్యాచ్: ఏటీకే 5, మనం 0. కోచ్ ఫిల్ బ్రౌన్. ఇంగ్లండ్‌లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌లోకి తెచ్చినాయన అని తెగ మురిసిపోయాం. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఆయన లేడు. 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, ఆఖరి స్థానం. తర్వాత ఆల్బర్ట్ రోకా అన్నారు. ఆయన్ని బార్సిలోనా పిలిచింది, అక్కడి కోచ్ కోమన్ స్టాఫ్‌లో చేరిపోయాడు. అప్పుడు హడావుడిగా వెతికితే దొరికినవాడు మనోలో. ఏరి కోరి తెచ్చుకున్న కోచ్ కాదు. "లాస్ పాల్మాస్‌లో కొన్ని వారాలు తప్ప లా లిగాలో ఏం చేశాడు?" అని ఇదే సెక్షన్‌లో ఒకరు రాశారు. ఆ పోస్ట్ ఇంకా ఉంది, పేరు చెప్పను.

వచ్చాక పేరున్నవాళ్ల కోసం చూడలేదు, ఉన్న పిల్లల్ని ఆడించాడు. కుడివైపు ఆశిష్ రాయ్, ఎడమవైపు ఆకాశ్ మిశ్రా, వింగ్‌లో లిస్టన్ కొలాసో, మధ్యలో హితేశ్ శర్మ, యాసిర్. అందరూ ఇరవై అటూ ఇటూ. మన దేశంలో కుర్ర ఫుల్‌బ్యాక్ అంటే తప్పు చేయకుండా గీత దగ్గర నిలబడమనే చెప్తారు. ఈయన పరిగెత్తమన్నాడు. ఒక మ్యాచ్‌లో బాల్ పోగొట్టి గోల్ ఇచ్చినవాడు తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ పదకొండులో కనిపించేవాడు. నేను ఆయన్ని నమ్మింది అక్కడ. ఆఖరి స్థానం నుంచి ఒక్క ఏడాదిలో ఐదో స్థానానికి వచ్చాం. చివరి మ్యాచ్‌లో గోవాని కొడితే ప్లేఆఫ్స్, 0-0తో ఆగిపోయాం. ఆ తర్వాతి ఏడాదే కప్పు.

ఆ పిల్లలేమయ్యారు? లిస్టన్ 2021లో మోహన్ బగాన్‌కి. ఆశిష్ 2022లో అక్కడికే. ఆకాశ్ 2023లో ముంబైకి. పెంచింది మనం, కప్పులు ఎత్తింది వాళ్లు.

జోవా విక్టర్ గురించి తర్వాత రాస్తా, భోజనానికి పిలుస్తున్నారు.


ఓగ్బెచే_భక్తుడు
14 డిసెంబర్ 2025, రాత్రి 9:40

భయ్యా, అన్నం తిని రా, తర్వాత కొట్టుకుందాం. ఓగ్బెచే లేకుండా ప్లేఆఫ్సా?

ఆ సీజన్‌లో ఆయనవి 18 గోల్స్. అప్పటికి ఒక ఐఎస్‌ఎల్ సీజన్‌లో అదే రికార్డు, కోరోతో సమానం. గోల్డెన్ బూట్ ఆయనది. వయసు ముప్ఫై ఏడు! 2002 ప్రపంచ కప్‌లో నైజీరియాకి ఆడిన మనిషి, పీఎస్‌జీలో ఆడిన మనిషి. ఆ అనుభవం డబ్బు పెడితే దొరికేది కాదు. మోహన్ బగాన్‌తో సెమీస్ మొదటి లెగ్ మర్చిపోయావా? రాయ్ కృష్ణ కొట్టి వాళ్లు 1-0 లీడ్‌లో ఉన్నారు. అందరం తలలు పట్టుకుని కూర్చున్నాం. హాఫ్ టైమ్ లోపే సమం చేసింది ఎవరు? ఆ తర్వాతే యాసిర్, సివెరియో కొట్టారు, 3-1 అయింది. రెండో లెగ్‌లో 0-1 ఓడినా బయటపడ్డామంటే ఆ మూడు గోల్స్ వల్లే.

కోచ్ ఎంత గొప్పవాడైనా బాల్‌ని నెట్‌లోకి తన్నేది ఆటగాడే.


అమ్ముగూడ_అంకుల్
14 డిసెంబర్ 2025, రాత్రి 10:05

బాబూ, "పెంచింది మనం, కప్పులు ఎత్తింది వాళ్లు" అన్నారు చూడండి, ఇది మన ఊరికి కొత్త కాదు.

మా అమ్ముగూడ పిల్లాడు తులసీదాస్ బలరామ్ ఎక్కడ పేరు తెచ్చుకున్నాడు? ఈస్ట్ బెంగాల్‌లో. నయీముద్దీన్ ఎక్కడికెళ్లాడు? కోల్‌కతాకే. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా అదే దారి. హైదరాబాద్ ఆటగాడు బాగా ఆడితే కోల్‌కతా తీసుకెళ్లడం అనేది అప్పటి నుంచీ ఉన్న ఆనవాయితీ. తేడా ఏమిటంటే, అప్పుడు ఒకరు వెళ్తే ఇద్దరు తయారుగా ఉండేవారు. కోచ్ రహీం సాబ్ ఉన్నారు కాబట్టి.

ఆయన నడిపిన సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఒక ఊరి పోలీసు టీమ్! అదే రహీం సాబ్ 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. స్వతహాగా బడిపంతులు ఆయన. పంతులు కాబట్టే పిల్లల్ని తయారు చేయడం తెలుసు.

మీ మనోలోలో నాకు నచ్చింది కూడా అదే. స్పెయిన్ నుంచి వచ్చినవాడైనా పిల్లల దగ్గర పంతులులా ఉన్నాడు. కానీ పంతులు వెళ్లిపోయాక బడి నడవాలి కదా. బడే లేదు, ఉన్నది ఒక్క క్లాసు.


కొచ్చిలో_తెలుగోడు
14 డిసెంబర్ 2025, రాత్రి 10:31

నేను ఆఫీసు వాళ్లతో కలిసి కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్‌కి గోవాలోని ఫటోర్డా వెళ్లా. పక్కన ఉన్నవాళ్లందరూ కేరళ వాళ్లే, స్టేడియం మొత్తం పసుపు. విచిత్రం ఏంటంటే గ్రౌండ్‌లో పసుపు వేసుకుంది మన టీమ్. పట్టికలో మనం పైన ఉన్నాం కాబట్టి హోమ్ జెర్సీ మనకి, వాళ్లకి నలుపు. మనవాళ్లు బాల్ పట్టిన ప్రతిసారీ పసుపు గ్యాలరీ అంతా పసుపు టీమ్‌ని తిట్టడం. ఎవరిని తిడుతున్నారో వాళ్లకే కన్ఫ్యూజన్.

కేరళ తరఫున రాహుల్ కేపీ కొట్టాక నా పక్కనోడు నన్ను ఓదార్చడం కూడా మొదలుపెట్టాడు. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా సమం చేశాడు. బెంచ్ మీద నుంచి వచ్చినవాడు, బాక్స్ బయట నుంచి గాల్లో బాల్‌ని అలాగే తన్నాడు. అది పాయింట్. కప్పు ఓగ్బెచే గోల్‌తో రాలేదు, సబ్‌గా వచ్చిన గోవా కుర్రాడి గోల్‌తో వచ్చింది. ఆ సబ్‌ని దింపింది ఎవరు?

ఓగ్బెచే_భక్తుడు గారూ, జవాబు చెప్పండి.


ఓగ్బెచే_భక్తుడు
14 డిసెంబర్ 2025, రాత్రి 10:38

ఫైనల్ దాకా తీసుకొచ్చింది ఎవరో ముందు నువ్వు చెప్పు.


సిక్స్‌యార్డ్
14 డిసెంబర్ 2025, రాత్రి 11:02

ఇద్దరూ మన గోల్‌కీపర్ కట్టిమణిని వదిలేశారు. నాకు ఆ ఫైనల్ అంటే కట్టిమణే.

2015 ఐఎస్‌ఎల్ ఫైనల్ ఎంతమందికి గుర్తుంది? అదే ఫటోర్డా. గోవా, చెన్నైయిన్. 90వ నిమిషందాకా గోవా 2-1తో ముందుంది. అప్పుడు గోవా గోల్‌కీపర్ చేతి మీదుగా సొంత గోల్ పడింది. వెంటనే మెండోజా మూడోది కొట్టాడు, కప్పు చెన్నైకి పోయింది. ఆ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. గోవా వాడు, సొంత ఊరి జనం ముందు.

ఏడో ఏడు అదే గ్రౌండ్‌లో, ఒంటి మీద మన జెర్సీ. పెనాల్టీ షూటౌట్‌లో కేరళ లెస్కోవిచ్‌ది ఆపాడు. నిషు కుమార్‌ది ఆపాడు. లైన్ వదిలి ముందుకొచ్చాడని రెఫరీ మళ్లీ తన్నమన్నాడు, మళ్లీ ఆపాడు. జీక్సన్‌ది ఆపాడు. నలుగురు తన్నితే ఒక్కటే లోపలికి వెళ్లింది. మనవైపు సివెరియో బార్ మీదుగా కొట్టినా ఏమీ కాలేదు. నర్జారీ నాలుగోది కొట్టగానే 3-1.

ఆ వయసు కీపర్‌ని, వెనక గుర్మీత్ లాంటి కుర్రాడు తయారుగా ఉండగా, ఫైనల్‌లో నిలబెట్టింది మనోలో. కాబట్టి నా ఓటు సగం పసుపుజెండాకే.


పసుపుజెండా
14 డిసెంబర్ 2025, రాత్రి 11:25

తిన్నా, వచ్చా. సిక్స్‌యార్డ్ అన్నా, ఆ 2015 సంగతి రాసినందుకు థాంక్స్.

ఇప్పుడు జోవా విక్టర్.

కొత్తగా చేరినవాళ్ల కోసం: 2023-24. మనోలో గోవా వెళ్లిపోయాడు. జీతాలు అందడం లేదు, ఫిఫా బదిలీ నిషేధం పడింది, కొత్తవాళ్లని తీసుకునే వీల్లేదు. ఓగ్బెచే అప్పటికే లేడు. జనవరి వచ్చేసరికి విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దేసుకున్నారు. మన భారతీయ ఆటగాళ్లు కూడా వెళ్లారు, చింగ్లెన్‌సనాతో సహా. వాళ్లని తప్పుపట్టను, ఇల్లు గడవాలి. మిగిలింది రిజర్వ్ టీమ్ పిల్లలు, కోచ్ తాంగ్‌బోయి సింగ్టో, ఇంకా ఒకే ఒక్క విదేశీ: జోవా విక్టర్.

ప్రతి టీమూ నలుగురు విదేశీయుల్ని దింపుతుంటే మనకి ఒక్కడు. కప్పు ఎత్తిన కెప్టెన్, కాంట్రాక్ట్ చింపేసి బ్రెజిల్ వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఉన్నాడు. ఆ సీజన్ చివర్లో గచ్చిబౌలిలో ఒక మ్యాచ్‌లో నాకు బాగా గుర్తున్నది ఇది: మన లెఫ్ట్‌బ్యాక్ కుర్రాడు పాస్ తప్పుగా ఇచ్చి తల దించుకుని నిలబడిపోయాడు. ఆట ఇంకా నడుస్తోంది. జోవా వెనక్కి పరిగెత్తుకొచ్చి బాల్ బయటికి కొట్టేసి, నేరుగా ఆ పిల్లాడి దగ్గరికి వెళ్లి గడ్డం పట్టుకుని తల పైకెత్తాడు. తిట్టలేదు. ఏదో చెప్పాడు, చేత్తో ఎడమవైపు చూపించాడు, మళ్లీ తన చోటికి వెళ్లిపోయాడు. గ్యాలరీలో మేం ఎంతమందిమి ఉన్నామో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సీజన్ మొత్తానికి ఒక్క గెలుపు, చెన్నైలో 1-0. 8 పాయింట్లు. మళ్లీ ఆఖరు. రెండేళ్ల కిందట ఛాంపియన్లం.

గెలుస్తున్నప్పుడు మంచి కోచ్ అనిపించుకోవడం మనోలో చేశాడు, గొప్పగా చేశాడు. ఓడిపోతామని తెలిసిన మ్యాచ్‌కి వారం వారం బూట్లు కట్టుకోవడం వేరే సంగతి.


డల్లాస్_డిఫెండర్
15 డిసెంబర్ 2025, ఉదయం 6:50

ఇక్కడ ఇంకా నిన్నటి రాత్రే. చదువుతుంటే ఒళ్లు మండుతోంది.

పసుపుజెండా బ్రో, నువ్వే నీ వాదనని కూల్చేసుకున్నావ్. జోవా ఉన్నాడు కదా, మరి మనోలో ఎందుకు వెళ్లాడు? అందరికంటే ముందు వెళ్లింది ఆయనే. ఆ పిల్లలంతా ఆయన్ని చూసి వచ్చినవాళ్లు, ఆయన్ని నమ్మి కాంట్రాక్ట్ పెంచుకున్నవాళ్లు. నాయకుడే సామాను సర్దుకుంటే మిగతావాళ్లు ఎందుకుంటారు?

ఫైనల్ రోజు ఇక్కడ ఆదివారం ఉదయం తొమ్మిది. గుడికి వెళ్లాల్సిన టైమ్‌లో అపార్ట్‌మెంట్‌లో అరుస్తుంటే కింద ఫ్లోర్ వాళ్లు కంప్లైంట్ ఇచ్చారు. అంత పిచ్చిగా ప్రేమించాం ఆ మనిషిని. ఏడాది తిరక్కుండా గోవా ఆరెంజ్ జాకెట్‌లో చూడాల్సి వస్తుందని అనుకోలేదు.


పసుపుజెండా
15 డిసెంబర్ 2025, ఉదయం 8:15

ఏడాది తిరక్కుండా కాదు, తర్వాత ఒక పూర్తి సీజన్ చేశాడు. 42 పాయింట్లు, మళ్లీ రెండో స్థానం. కప్పు సీజన్‌లో కంటే నాలుగు ఎక్కువ. ఆశిష్ రాయ్ వెళ్లిపోతే, వింగర్‌గా ఉన్న నిఖిల్ పూజారిని వెనక్కి దింపి రైట్‌బ్యాక్ చేశాడు. కొత్తవాణ్ణి కొనిపెట్టమని గొడవ చేయలేదు. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు లెగ్‌లూ 0-0, పెనాల్టీల్లో పోయాం. అవతలి క్యాంపులో మన లిస్టన్, మన ఆశిష్. అది ఆయన తప్పా?

కోచ్ అన్నాక కాంట్రాక్ట్ అయ్యేదాకా పని చేస్తాడు, తర్వాత వెళ్తాడు. వెళ్లాక ఆ పని ఎవరు చేయాలో చూడాల్సింది క్లబ్. అంకుల్ చెప్పిన బడి మాట అక్కడే సరిపోతుంది.


డల్లాస్_డిఫెండర్
15 డిసెంబర్ 2025, ఉదయం 8:22

సర్లే. అయినా గోవా జాకెట్ నాకు నచ్చలేదు.


తార్నాక_టాకిల్
15 డిసెంబర్ 2025, ఉదయం 10:10

మనోలో అంత గొప్ప కోచ్ అయితే ఇండియా టీమ్‌తో ఏమైంది? ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, అదీ మాల్దీవుల మీద. మొదటి మ్యాచ్ మన గచ్చిబౌలిలోనే, 2024 సెప్టెంబర్. మారిషస్‌తో 0-0. సిరియాతో 0-3. మళ్లీ నవంబర్‌లో మలేసియాతో ఇక్కడే 1-1, గుర్‌ప్రీత్ గోల్ వదిలేసి ముందుకు రావడం, భేకే హెడర్‌తో పరువు నిలబడటం. హాంకాంగ్‌తో ఓడాక 2025 జూలైలో తప్పుకున్నాడు.

నేను మూడింటికీ వెళ్లా. డగౌట్ దగ్గర ఆయన్ని చూసి "మనోలో, మనోలో" అని అరిచినవాళ్లలో నేనూ ఉన్నా. మ్యాచ్ అయ్యేసరికి అరవడానికి ఎవరికీ ఓపిక లేదు.


సిక్స్‌యార్డ్
15 డిసెంబర్ 2025, ఉదయం 11:30

తార్నాక బ్రో, దానికి సమాధానం మన క్లబ్‌లోనే ఉంది. మనోలో పద్ధతికి రోజూ ట్రైనింగ్ కావాలి. 2020, 2021 రెండు సీజన్లూ కోవిడ్ బబుల్ కింద మొత్తం లీగ్ గోవాలోనే జరిగింది. ఆటగాళ్లంతా నెలల తరబడి ఒకే హోటల్‌లో. తిండి, నిద్ర, ప్రాక్టీస్ అన్నీ కలిసే. ఆకాశ్‌కి ఎప్పుడు పైకి వెళ్లాలో, చింగ్లెన్‌సనా ఎప్పుడు ఆ ఖాళీ కవర్ చేయాలో నోటితో చెప్పక్కర్లేనంత అలవాటైంది. జాతీయ జట్టులో ఆయనకి దొరికేది మ్యాచ్ ముందు కొద్ది రోజులే. పైగా ఒక పక్క గోవా క్లబ్ పని కూడా చేస్తూనే ఉన్నాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టాడు, అది ఆయన ఒప్పుకోకుండా ఉండాల్సింది. కానీ క్లబ్ కోచ్‌గా చూడండి, గోవాకి వరుసగా రెండు సూపర్ కప్‌లు.

ఇంకో సంగతి, ఇది ఎవరూ రాయరు. మన కప్పు సీజన్‌లో మన టీమ్ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఛాంపియన్లని ఊరు టీవీలోనే చూసింది. తిరిగి గచ్చిబౌలికి వచ్చింది 2022 అక్టోబర్‌లో, బెంగళూరు మీద ఓగ్బెచే గోల్‌తో 1-0. అప్పటికి వేడి సగం చల్లారింది. కప్పు గెలిచిన నెలలోనే ఈ ఊళ్లో నాలుగు మ్యాచ్‌లు జరిగి ఉంటే జనం అలవాటు పడేవారు, జనం ఉంటే స్పాన్సర్లు ఉండేవారు.


ఓగ్బెచే_భక్తుడు
15 డిసెంబర్ 2025, ఉదయం 11:41

ఆ 1-0 గోల్ ఎవరిదో ఇంకోసారి చదవండి అందరూ.


ఇందూరు_తొమ్మిది
15 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 1:20

అన్నలూ, మనోలో ఓగ్బెచే అని కొట్టుకుంటున్నారు కానీ, ఆరేళ్లలో మన మాట మాట్లాడే ఆటగాణ్ణి ఒక్కణ్ణి చెప్పండి, మెయిన్ టీమ్‌లో సీజన్ మొత్తం ఆడినవాడు. సిక్కిం పిల్లలు, మిజోరం పిల్లలు, గోవా, కేరళ. వాళ్లంటే నాకు ప్రేమే. కానీ మా నిజామాబాద్‌లో స్కూల్ గ్రౌండ్‌లో ఆడే పిల్లాడికి "నువ్వూ అక్కడికి వెళ్లొచ్చు" అని చూపించడానికి ఎవరున్నారు?

ఉన్నది ఒక అమ్మాయి. మా జిల్లా తండా నుంచి వెళ్లిన సౌమ్య గుగులోత్. ఇండియాకి ఆడుతుంది, 2024-25కి దేశంలోనే ఉత్తమ మహిళా ప్లేయర్ అవార్డు తీసుకుంది. మన క్లబ్‌కి ఆమెతో ఏ సంబంధమూ లేదు. ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది. మళ్లీ కోల్‌కతానే, అంకుల్ చెప్పినట్టు.

మనోలోని నేను అడిగేది అదొక్కటే. పిల్లల్ని తయారు చేసే చెయ్యి ఉంది, ఈ నేల మీద పిల్లాణ్ణి ఒక్కణ్ణి పట్టుకుని ఉండాల్సింది.


అమ్ముగూడ_అంకుల్
15 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:05

ఇందూరు బాబూ, అది కోచ్ పని కాదు. ఆయన చేతికి వచ్చేసరికి పిల్లాడికి పద్దెనిమిది. పదేళ్లప్పుడు పట్టుకోవాలి. మా రోజుల్లో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ప్రతి ఖాళీ జాగాలో సాయంత్రం ఆట ఉండేది, మిలటరీ వాళ్లు, రైల్వే వాళ్లు, పోలీసులు, అందరికీ టీమ్‌లు, అందులో ఉద్యోగాలు. బాగా ఆడితే ఉద్యోగం వస్తుందంటే ఏ తండ్రి వద్దంటాడు? ఆ ఉద్యోగాలు పోయాయి, ఖాళీ జాగాలూ పోయాయి. మనోలో ఏం చేస్తాడు పాపం.


అడ్మిన్
15 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:30

ఓనర్ల గురించి పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. తిట్లు వద్దు. వాదన ఎంతైనా చేసుకోండి.


కొచ్చిలో_తెలుగోడు
15 డిసెంబర్ 2025, సాయంత్రం 6:45

తాంగ్‌బోయి గురించి ఎవరూ ఒక మంచి మాట రాయలేదు. మనోలో పక్కన అసిస్టెంట్‌గా కప్పు చూసినాయన, తర్వాత మునిగే టీమ్‌ని నెత్తిన పెట్టుకున్నాడు. 2024-25లో కొత్త యజమానులు వచ్చినా టీమ్ కట్టడానికి టైమ్ లేదు. మిగతా క్లబ్‌లు ప్రీ-సీజన్ ముగిస్తుంటే మనం ఇంకా ఆటగాళ్లని వెతుకుతున్నాం. అయినా అక్టోబర్‌లో కోల్‌కతా వెళ్లి మహమ్మడన్‌ని 4-0 కొట్టాం. నవంబర్‌లో ఇక్కడ కొచ్చిలో బ్లాస్టర్స్‌ని 2-1. ఆఫీసు షర్ట్ మీదే నేరుగా స్టేడియానికి వెళ్లా. ఆంద్రే ఆల్బా రెండోది పెనాల్టీ కొట్టాక నా గొంతు ఒక్కటే వినిపించింది, చుట్టూ ముప్ఫై మంది తిరిగి చూశారు.

డిసెంబర్‌లో తాంగ్‌బోయి వెళ్లిపోయాడు, షమీల్ వచ్చాడు. 13 టీమ్‌ల్లో 12వ స్థానం. అంతే, అదే మన చివరి సీజన్ అని అప్పుడు తెలియదు.


మొయినాబాద్_రోడ్
15 డిసెంబర్ 2025, రాత్రి 8:10

నేనొక మాట అంటా, రాళ్లు వేయకండి. ఈ క్లబ్ మనకెలా వచ్చింది? పుణె సిటీ మూతపడితే ఆ చోటు 2019లో మనకొచ్చింది. ఆశిష్, నిఖిల్ పుణె నుంచి వచ్చినవాళ్లే. పుణె అభిమానుల గురించి అప్పుడు మనలో ఒక్కరూ పోస్ట్ పెట్టలేదు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ ఒడిశా వెళ్లింది. ఇప్పుడు మనది ఢిల్లీకి. ఈ లీగ్‌లో ఇన్నాళ్లూ కిందికి జారితే కింది లీగ్‌కి వెళ్లడం లేదు, వేరే ఊరికి వెళ్లడం ఉండేది.

కాబట్టి మనోలో, జోవా ఎవరైనా సరే, వాళ్లు ఆడింది అద్దె ఇంట్లో. సొంత ఇల్లు చూడాలంటే మొయినాబాద్ వైపు రండి. మా టీమ్ శ్రీనిధి డెక్కన్, ఐఎస్‌ఎల్‌కి కింది లీగ్ అయిన ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, పంజాబ్ పైకి వెళ్లింది. 2023-24లో మళ్లీ రెండో స్థానం, మహమ్మడన్ పైకి వెళ్లింది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి ఆగాం. కొలంబియా స్ట్రైకర్ కాస్తనేదా గోల్స్ కొడుతుంటే చూడటానికి ఎంతమంది వచ్చేవారు? గచ్చిబౌలి వాళ్లు "ఊరికి దూరం" అనేవారు.

మొన్న ఉప్పల్‌లో మెస్సీని చూడటానికి వెళ్లినవాళ్లలో పదోవంతు వచ్చినా మా గ్యాలరీ పట్టదు.


తార్నాక_టాకిల్
15 డిసెంబర్ 2025, రాత్రి 8:31

నిజంగా దూరమే బ్రో. తార్నాక నుంచి మొయినాబాద్ వెళ్లేలోపు హాఫ్ టైమ్ అయిపోతుంది.


పసుపుజెండా
15 డిసెంబర్ 2025, రాత్రి 9:50

మొయినాబాద్ అన్నతో పుణె విషయంలో గొడవ లేదు. శ్రీనిధి విషయంలో మాత్రం ఒకటుంది: టీమ్ బాగుందని టీమ్ మార్చుకునేవాడిని అయితే నేను 2020లోనే ముంబై సిటీ వైపు వెళ్లేవాణ్ణి. వస్తా, చూస్తా, చప్పట్లు కొడతా. నాది అనుకోవడానికి టైమ్ పడుతుంది.

ఇక తేల్చేద్దాం. ఓగ్బెచే భక్తుడు ఒక్కడు తప్ప అందరూ కప్పు మనోలోది అనే ఒప్పుకుంటున్నట్టు కనిపిస్తోంది. ఇప్పుడు ఆరు సీజన్లూ కలిపి పదకొండుమంది. నాది:

కట్టిమణి. ఆశిష్ రాయ్, చింగ్లెన్‌సనా, ఒడెయ్ ఒనైందియా, ఆకాశ్ మిశ్రా. జోవా విక్టర్ కెప్టెన్, పక్కన హితేశ్. కుడి వింగ్ నిఖిల్, మధ్యలో జోయెల్ కియానీస్, ఎడమ లిస్టన్. ముందు ఓగ్బెచే, భక్తుడి ప్రాణం కోసం.

కోచ్ ఎవరో చెప్పక్కర్లేదు.


డల్లాస్_డిఫెండర్
15 డిసెంబర్ 2025, రాత్రి 10:04

జువానన్ ఏడీ? కప్పు టీమ్ సెంటర్ బ్యాక్‌ని తీసేసి ఒడెయ్‌ని పెట్టావా?


పసుపుజెండా
15 డిసెంబర్ 2025, రాత్రి 10:09

ఒడెయ్ మనకి రెండుసార్లు వచ్చి ఆడాడు. పైగా కాలితో బాల్ బయటికి తెచ్చేది ఒడెయే. మనోలో ఆట అక్కడే మొదలయ్యేది.


ఇందూరు_తొమ్మిది
15 డిసెంబర్ 2025, రాత్రి 10:15

హితేశ్ బదులు యాసిర్. సెమీస్ గోల్ కొట్టినవాణ్ణి బయట కూర్చోబెడతారా?


కొచ్చిలో_తెలుగోడు
15 డిసెంబర్ 2025, రాత్రి 10:22

సబ్స్‌లో తవోరా లేకపోతే నేను ఈ సెక్షన్‌కి రాను.


ఓగ్బెచే_భక్తుడు
15 డిసెంబర్ 2025, రాత్రి 10:30

ఓగ్బెచేని పెట్టినందుకు సంతోషం, కానీ మార్సెలిన్హోని ఎలా మర్చిపోయారు అందరూ? 2019 నవంబర్ 2, గచ్చిబౌలి, కేరళ మీద మన క్లబ్ మొట్టమొదటి గెలుపు. రాహుల్ కేపీ ముందు కొట్టాడు, అప్పుడు కూడా వాడే! స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం. తర్వాత మార్సెలిన్హో ఫ్రీకిక్, గోడ మీదుగా నేరుగా లోపలికి. ఆ సీజన్‌లో చూడటానికి ఉన్నది ఆ కాలు ఒక్కటే.

జోయెల్‌ని తీసేసి ఆయన్ని పెట్టు.


పసుపుజెండా
15 డిసెంబర్ 2025, రాత్రి 10:37

మార్సెలిన్హో వెనక్కి పరిగెత్తడు. మనోలో టీమ్‌లో పది నిమిషాలు కూడా ఉండడు.


ఓగ్బెచే_భక్తుడు
15 డిసెంబర్ 2025, రాత్రి 10:40

ఫ్రీకిక్ వచ్చినప్పుడు దింపు. తన్ని వెళ్లిపోతాడు.